పుట్టినరోజు అన్నదానానికి డబ్బులిస్తే అదే ఫొటో ఇంకొకళ్ళకీ వెళ్ళింది. వైజాగ్‌లో ఎవర్ని నమ్మాలి?

మర్రిపాలెం_నాన్న
విషయం ఏటంటే, మొన్న మా పాప పుట్టినరోజుకి హోటల్లో పార్టీ ఎందుకులే అని ఒక సంస్థకి ఐదు వేలు పంపాను, వంద మందికి భోజనం అన్నారు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, పాప పేరుతో బ్యానరు, దాని వెనకాల ముసలాళ్ళు, పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. మా ఆవిడ స్టేటస్ కూడా పెట్టీసింది. సోమవారం ఆఫీసులో మా పక్క సీటాయన వాళ్ళ నాన్నగారి సంవత్సరీకానికి ఇచ్చానంటూ ఫోన్ చూపించాడు. అదే ఫొటో. అదే ఎర్ర చీర ముసలమ్మ, అదే చొక్కా బొత్తాం ఊడిన గుంటడు, బ్యానరు మీద పేరు ఒక్కటే మారింది. ఫోన్ చేస్తే "సార్ అది ఎడిటింగ్‌లో పొరపాటు సార్" అంటారు. ఐదు వేలు పోతే పోనీ, ఆ ముసలమ్మ ఆ రోజు అన్నం తిందా లేదా అన్నది నాకు తేలట్లేదు, అదే మింగుడుపడట్లేదు. ఈ ఊళ్ళో ఆకలి మీద నిజంగా పని చేసేవాళ్ళని ఎలా గుర్తుపట్టాలి?

కొబ్బరిచట్నీ_ఉందా
పాపం ఆ ముసలమ్మ ఊళ్ళో అందరి పుట్టినరోజులకీ భోంచేసినట్టుంది

పిసినారి_పిచ్చయ్య
అందుకే నేను ఎవరికీ ఇవ్వను, నన్నెవరూ మోసం చెయ్యలేరు

సీతమ్మధార_పిన్ని
నువ్వు ఇవ్వవని ఈ గ్రూపంతటికీ తెలుసులే బాబూ. నాన్నగారూ, నాదీ చెప్తా వినండి. కార్తీకమాసంలో 26 కిలోల సోనా మసూరి బస్తా ఒకళ్ళకి ఇచ్చాను, మా అత్తగారి పేరు మార్కరుతో నేనే రాశాను బస్తా మీద. పది రోజులకి మా వాచ్‌మన్ భార్య "అమ్మా మీ అత్తగారు ఫలానా కిరాణా కొట్లో ఉన్నారు" అంటది. వెళ్ళి చూద్దును కదా, అదే బస్తా, మా అత్తగారి పేరుతో సహా, అమ్మకానికి. కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నా, అత్తగారు కదా మరి.

అరిలోవ_ఆటో
పిన్నీ 😂😂 బతికుండగా ఇంట్లోంచి పంపిద్దామని చూస్తే తిరిగొచ్చీసారన్నమాట

మోడరేటర్
సంస్థల పేర్లు పెట్టకండి, మంచివాళ్ళవీ వద్దు చెడ్డవాళ్ళవీ వద్దు. పోయినసారి ఏమైందో గుర్తుంది కదా.

గుండిగ
నేను కేటరింగ్ వాణ్ణి, పదిహేడేళ్ళుగా ఇదే పని, మధురవాడ నుంచి గాజువాక దాకా మా గుండిగలు తిరగని ఫంక్షన్ హాలు లేదు. రెండు మాటలు చెప్పాలి. మొదటిది, యాభై రూపాయలకి ప్లేటు అన్నం పప్పు ఒక కూర మజ్జిగ పెట్టొచ్చు, అది అబద్ధం కాదు, ఎక్కువ మందికి వండితే గిట్టుబాటవుద్ది. కాబట్టి ఐదు వేలకి వంద అన్నది రేటు చూసి మోసం అనలేం. రెండోది మిగిలిపోయిన తిండి. మాఘమాసం ముహూర్తాల్లో 800 ప్లేట్లు చెప్తారు, 550 మంది వస్తారు, మిగిలింది రాత్రి పదకొండున్నరకి నా నెత్తి మీద. ఎంతమందికి ఫోన్ చేశానో. ఒకళ్ళు "పొద్దున్న వస్తాం" అంటారు. పొద్దున్నకి ఏముంటుంది గురూ, మన ఊరి ఉక్కకి సాంబారు ఒంటిగంటకే వాసన కొడతాది, పెరుగన్నం సంగతి చెప్పనక్కర్లేదు. పులిహోర ఒక్కటే కాస్త ఆగుతాది చింతపండు పుణ్యమా అని. ఇంకొకళ్ళు వెంటనే వచ్చారు, కానీ పెళ్ళికొడుకు పెళ్ళికూతురుతో గుండిగ దగ్గర ఫొటో కావాలట! వాళ్ళు అప్పటికే పైకెళ్ళిపోయారు, ఎవడు పిలుస్తాడు.

ఇంకోటి, అన్నం వేడి దిగిపోయి గంటలు గంటలు పడున్నాక మళ్ళీ వేడి చేసి పంచుతున్నారు కొందరు. వేడి చేస్తే అన్నీ చస్తాయనుకుంటారు. అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు, వాంతులవుతాయి. అందుకే నేను 60 డిగ్రీల పైన వేడి ఉన్నప్పుడే మూత పెట్టి ఇస్తా, లేదంటే పారేస్తా. పారేసిన రోజు నాకూ అన్నం దిగదు, ఏం చెయ్యను.

కొబ్బరిచట్నీ_ఉందా
@గుండిగ అన్నా నీ పులిహోర ఎక్కడ దొరుకుద్ది, ఆకలి గురించే అడుగుతున్నా

బస్తా_మోసేవాడు
గుండిగ గారు చెప్పినవన్నీ కరెక్టే, కాకపోతే ఇక్కడ రెండు వేరు వేరు పనులు కలిపేస్తున్నారు. మిగిలిన వంట తీసుకెళ్ళి గంటల్లో పంచడం ఒక పని. ఫుడ్ బ్యాంకు ఇంకో పని. నేను కంచరపాలెం దగ్గర అలాంటి చిన్న గోడౌన్‌లో ఐదేళ్ళుగా శనాదివారాలు పని చేస్తున్నా (జీతం లేదు, నడుం నొప్పి ఉంది). మేం వండం. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, బిస్కెట్లు, పిల్లలకి పాలపొడి, ఇలాంటివి హోల్‌సేల్ వాళ్ళ దగ్గర, సూపర్‌మార్కెట్ల దగ్గర, మీలాంటివాళ్ళ దగ్గర తీసుకుని, తూచి, పేర్చి, వృద్ధాశ్రమాలకీ హాస్టళ్ళకీ రోడ్డు మీద వండిపెట్టే చిన్న చిన్న గుంపులకీ పంపుతాం. వాళ్ళకి ఏ రోజు ఏం కావాలో ముందే రాసిస్తారు. అంటే తినేవాళ్ళని మేం చూడనే చూడం చాలాసార్లు. అందుకే మా దగ్గర ఫొటోలు ఉండవు, ఉన్నవన్నీ బస్తాల ఫొటోలే, ఎవడికి కావాలి అవి. చందాలు రావడం కష్టం కూడా అందుకే.

పిన్ని గారి అత్తగారి కథ మా దగ్గర జరక్కుండా ఉండటానికి ఒకే ఒక్క దారి, కాటా. లోపలికొచ్చిన ప్రతి బస్తా తూకం, బయటికెళ్ళిన ప్రతి బస్తా తూకం, తీసుకున్నవాళ్ళ సంతకం, పాడైంది పాడైనట్టు రాయడం. కాటాకి తూనికలు కొలతల వాళ్ళ స్టాంపు ఏటా వేయిస్తాం. "ఎన్ని భోజనాలు పెట్టారు" అని అడిగితే మేం చెప్పం, "ఎన్ని కిలోలు" అంటే చెప్తాం. భోజనాల లెక్క ఎవడైనా ఎలాగైనా సాగదీయొచ్చు, కిలో అలా సాగదు.

మర్రిపాలెం_నాన్న
ఇది నాకు నచ్చింది. వంద భోజనాలు అన్నప్పుడు నేను అడగాల్సింది ఎన్ని కిలోల బియ్యం అని. మరి కాగితాలు? 80జీ, అదే ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చే కాగితం, ఉంది సార్ అన్నారు వాళ్ళు, అది ఉంటే నమ్మొచ్చా?

ఆడిటరు_గారబ్బాయి
80జీ ఉంది అంటే ఇన్‌కంటాక్స్ వాళ్ళ దగ్గర రిజిస్టర్ అయ్యారని, అంతే. అన్నం పెట్టారని కాదు. అయినా కాగితాలు చూడండి, ఎందుకంటే కాగితాలు కూడా లేనివాడితో మాట్లాడటం టైం దండగ. సొసైటీ అయితే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో ఉన్నారా, మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగిపోండి. ఇంకా జనానికి తెలీనివి ఉన్నాయి. క్యాష్ రెండు వేలు దాటి ఇస్తే 80జీ రాదు. బియ్యం బస్తా ఇస్తే అసలు రాదు, డబ్బుకే వస్తుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ రాదు, కాబట్టి "సార్ టాక్సు మిగులుద్ది" అనే మాటకి పడిపోకండి. 2021-22 నుంచి ఇచ్చినవాళ్ళ వివరాలు సంస్థే 10బీడీ ఫారంలో ఫైల్ చేసి మీకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి, మే 31 లోపు. మా క్లయింట్లలో ఒకాయన రసీదు పుస్తకం చూసుకుని మురిసిపోయాడు, తీరా చూస్తే వాళ్ళు ఫైలే చెయ్యలేదు.

పిసినారి_పిచ్చయ్య
నాకు ఈ బాధలేవీ లేవు

స్టీల్‌టౌన్_మావయ్య
నాకొక మాట. నేనిచ్చిన రూపాయి రూపాయీ ప్లేట్లోకే వెళ్ళాలి. జీతాలు, అద్దెలు, వ్యాన్లు అంటే మాత్రం ఇవ్వను. సేవ అన్నాక జీతమేంటి? మా చిన్నప్పుడు సింహాచలం మెట్లెక్కేవాళ్ళకి మజ్జిగ పోసేవాళ్ళం, ఎవడడిగాడు ఓవర్‌హెడ్డు.

బస్తా_మోసేవాడు
మావయ్యా, మజ్జిగకి మీరు కుండ మోసుకెళ్ళారు, మెట్లు మీ ఇంటి పక్కనే. అనకాపల్లి దాటి ఒక మిల్లు వాళ్ళు రెండు టన్నుల బియ్యం ఇస్తామన్నారనుకోండి, ఊరికే ఇస్తున్నారు, తెచ్చేదెవరు? వ్యాను, డీజిలు, డ్రైవరు, దింపే హమాలీలు. డ్రైవరుకి ఇద్దరు పిల్లలు, అతన్ని ఆకలితో పెట్టి ఆకలి మీద యుద్ధం అంటే బాగోదు. గోడౌన్‌లో కింద చెక్క ప్యాలెట్లు వెయ్యకపోతే, గోడకి అడుగు దూరం వదలకపోతే మన తేమకి నెల తిరక్కుండా ముక్కుపురుగు. "నూటికి నూరు ప్లేట్లోకే" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళయితే ఖర్చు ఇంకెవరి దగ్గరో తీసుకుంటున్నారు, లేకపోతే అబద్ధమాడుతున్నారు. మొదటి రకం వాళ్ళయితే ఆ ఇంకొకరెవరో చెప్పగలగాలి.

స్టీల్‌టౌన్_మావయ్య
డ్రైవరు వరకు ఒప్పుకుంటా. ఏసీ ఆఫీసుకి మాత్రం ఒప్పుకోను.

బస్తా_మోసేవాడు
మా ఆఫీసులో ఫ్యానే శబ్దం చేస్తది మావయ్యా, తిరగదు

సాగర్‌నగర్_సందేహం
అసలు ఒక ప్రశ్న. నెలకి మనిషికి 5 కిలోల బియ్యం రేషన్లో ఫ్రీ, అన్న క్యాంటీన్లో ఐదు రూపాయలకి భోజనం, స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం, సింహాచలంలో అన్నదానం. ఇన్ని ఉన్నాక ఇంకా ఆకలి ఎక్కడ? సీరియస్‌గానే అడుగుతున్నా, తిట్టకండి.

రాత్రిడ్యూటీ
తిట్టను కానీ ఒకసారి రాత్రి తొమ్మిదికి పెద్దాసుపత్రి, అదే కేజీహెచ్ వైపు రండి. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, అవతల కోరాపుట్ మల్కన్‌గిరి నుంచి కూడా వస్తారు పేషెంట్లు. పేషెంటుకి భోజనం వస్తుంది. కూడా వచ్చినవాళ్ళకి రాదు. మూడు రోజులనుకుని వస్తారు ఇరవై రోజులవుతుంది, తెచ్చుకున్న డబ్బు బస్సుకీ మందులకీ స్కానింగులకీ పోయింది. పేషెంటు ప్లేట్లోది సగం తల్లి తింటది. నేను నర్సుని, కళ్ళతో చూస్తా. ఇంకా ఆకలంటే కడుపు ఖాళీ ఒక్కటే కాదండీ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.2 శాతం. వీళ్ళంతా అన్నం తింటున్నవాళ్ళే, అన్నమే తింటున్నవాళ్ళు. పప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కడ?

బస్తా_మోసేవాడు
@సాగర్‌నగర్_సందేహం లెక్క వేసి చూడండి. మూటలు మోసే మనిషి రోజుకి అరకిలో బియ్యం తింటాడు. నెలకి పదిహేను. రేషన్ ఐదు. ఇరవయ్యో తారీఖు తర్వాత మా ఫోన్ మోగడం మొదలవుతుంది, ప్రతి నెలా. అందుకే మేం పంపేదాంట్లో బియ్యం కంటే పప్పు, నూనె ఎక్కువ ఉండేలా చూస్తున్నాం, మీరు మాత్రం అందరూ బియ్యమే ఇస్తారు, పుణ్యం బియ్యంలోనే ఉందన్నట్టు. అన్న క్యాంటీన్ 2018లో పెట్టారు, 2019లో మూతపడింది, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, చాలా మంచి పని, నేనూ తింటా. కానీ ఆదివారం సెలవు. ఆకలికి ఆదివారం లేదు కదా, మా దగ్గర సరుకు తీసుకునే గుంపుల్లో రెండు ఆదివారం ఒక్కరోజే వండుతాయి.

అరిలోవ_ఆటో
ఆదివారం పాయింట్ నిజం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మా ఆటోవాళ్ళు ఆదివారం టీ బన్నుతో లాగించీస్తారు

రేవు_కుర్రాడు
వేట నిషేధం రోజులు కూడా కలపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు హార్బర్‌లోనే. బోటు ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాటి మీద కూలికెళ్ళే కలాసీలు, ఎండుచేపలు అమ్ముకునే మా అమ్మలాంటోళ్ళు, ఐసు మోసేవాళ్ళు, వాళ్ళకి చేతిలో ఏమీ ఉండదు. గవర్నమెంటు భృతి ఇస్తాది కానీ జాబితాలో పేరుండాలి. మా అమ్మ పేరు ఏ జాబితాలోనూ ఉండదు, ఆవిడ సముద్రంలోకి వెళ్ళదు కదా. మా ఇంట్లో ఆ రెండు నెలలు గంజి, పచ్చిమిరపకాయ. జనం అన్నదానాలన్నీ కార్తీకంలో చేస్తారు, మాకు ఆకలి వైశాఖంలో.

సీతమ్మధార_పిన్ని
ఈ మాట ఎవరూ చెప్పలేదయ్యా నాకు ఇన్నేళ్ళలో. అమ్మ దగ్గర ఎండు నెత్తళ్ళు ఉంటే చెప్పు, కొంటాను, దానం కాదు, మాకు కావాలి.

రేవు_కుర్రాడు
ఉన్నాయి పిన్నీ, మెసేజ్ చేస్తా

కంచం_లైన్లో
ఫొటోల గురించి ఒక మాట చెప్పాలి, చాలాసేపు ఆలోచించి టైప్ చేస్తున్నా. ఆరేళ్ళ కింద మా నాన్నకి ఆపరేషన్, నేను ఇంజనీరింగ్ మూడో ఏడు, పద్దెనిమిది రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాం. మధ్యాహ్నం ఒక వ్యాను వచ్చేది, లైన్లో నిలబడితే సాంబారన్నం. మంచి రుచిగా ఉండేది, ఇప్పటికీ గుర్తు. ఒకరోజు వాళ్ళే ప్లేటు చేతికిచ్చి "బాబూ ఇటు చూడు, నవ్వు" అన్నారు. నవ్వాను. అన్నం కావాలి కదా. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టారు, మా అక్కకి సంబంధం కుదిరినవాళ్ళ చుట్టాలు చూశారు. పెళ్ళి ఆగలేదు, కానీ ఆ మాట పెళ్ళిలో మూడు చోట్ల విన్నాను. అన్నం పెట్టినవాళ్ళని తిట్టలేను, తిన్నాను కాబట్టి. ఇప్పుడు ఉద్యోగం ఉంది, నెల నెలా ఇస్తాను, ఒకే షరతు మీద, ఎవరి మొహమూ నాకు చూపించకూడదు. నాన్నగారూ, మీ ఫొటోలో ఎర్ర చీర ఆవిడ ఎవరికో అమ్మ అయి ఉంటుంది.

మర్రిపాలెం_నాన్న
ఇది చదివాక మా ఆవిడ స్టేటస్ తీసేసింది. నేనూ ఫొటో డిలీట్ చేశా. మీరు చెప్పకపోతే నా కోపమంతా నా ఐదు వేల మీదే ఉండేది.

గుండిగ
నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి, మా కేటరింగ్ పేజీలో అలాంటి ఫొటోలు రెండు ఉన్నాయి. తీసీస్తున్నా.

ఎడిసన్_వైజాగోడు
నేను న్యూజెర్సీలో ఒక ఫుడ్ బ్యాంకులో నెలకోసారి డబ్బాలు సర్దుతాను. అసలు ఈ ఫుడ్ బ్యాంకు అన్న ఆలోచన ఇక్కడే, 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడు, షాపులవాళ్ళు పారేసే మంచి సరుకుని దాచి, అవసరమైనవాళ్ళు తీసుకెళ్ళేలా, బ్యాంకులో వేసుకుని తీసుకున్నట్టు. ఇక్కడ వాళ్ళు 1.2 పౌండ్లని ఒక భోజనం కింద లెక్క కడతారు, అంటే సుమారు 545 గ్రాములు. ఆ లెక్క ఎలా కట్టారో పైకి చెప్తారు కాబట్టి గొడవ ఉండదు, బస్తా గారన్నట్టు చెప్పకుండా భోజనాలు అంటేనే గొడవ. నాకు నచ్చింది ఏంటంటే మా దగ్గర సరుకు తీసుకునే చర్చిలకీ సెంటర్లకీ చెప్పకుండా వెళ్ళి చెక్ చేస్తారు, ఫ్రిజ్ టెంపరేచర్ దగ్గర్నుంచి. సరే, వైజాగ్‌కి నేను డబ్బు పంపాలంటే ఏంటి దారి?

ఆడిటరు_గారబ్బాయి
మీ పాస్‌పోర్ట్ ఏది? ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు మీద ఉంటే వస్తుంది, అప్పుడు ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళం తీసుకోవడానికి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉండాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, 2020 సవరణ తర్వాత అంతే. మావయ్య గారు సంతోషిస్తారు, ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు.

స్టీల్‌టౌన్_మావయ్య
చూశారా, గవర్నమెంటు కూడా నా మాటే అంటోంది

బస్తా_మోసేవాడు
అది విదేశీ డబ్బుకి మావయ్యా, మీరింకా స్వదేశీయే

పాతపోస్టాఫీసు_వీధి
హుద్‌హుద్ తుఫాను గుర్తుందా ఎవరికైనా? 2014 అక్టోబరు 12, ఆదివారం. తర్వాత వారం కరెంటు లేదు, ఏటీఎం లేదు. పులిహోర పొట్లాలు లారీల్లో వచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో, ఆ మనసుకి దణ్ణం. కానీ లారీలన్నీ మెయిన్ రోడ్డు జంక్షన్ల దగ్గరే ఆగేవి. అక్కడ ఒక్కొక్కడి చేతిలో ఆరు పొట్లాలు, కొండ మీద కాలనీల్లో ఒక్కటీ లేదు, చెట్లు పడి దారి లేదు కదా. మేం కుర్రాళ్ళం పదిమంది మోసుకెళ్ళాం పైకి. మూడో రోజు పొట్లం విప్పితే తీగ సాగింది. తిండి ఉంది, మనసు ఉంది, లెక్క లేదు. ఎవరికెంత వెళ్ళిందో ఒక్కడి దగ్గరైనా కాగితం ఉంటే సగం పారబోసేవాళ్ళం కాదు.

కొబ్బరిచట్నీ_ఉందా
ఆ పులిహోర నేనూ తిన్నా, ఆ వారం నాలుగు కిలోలు పెరిగా. సారీ. నిజం.

సాగర్‌నగర్_సందేహం
సరే నా సందేహం తీరింది. ఇంకోటి, సూపర్‌మార్కెట్లు డేటు దగ్గరపడ్డ సరుకు ఇస్తాయన్నారు. అంటే పేదోళ్ళకి పాడైనవి పెడుతున్నట్టు కాదా?

బస్తా_మోసేవాడు
మంచి ప్రశ్న, ఇక్కడే ఎక్కువ మంది మమ్మల్ని అనుమానిస్తారు. పాకెట్ మీద రెండు రకాల డేట్లు ఉంటాయి. బెస్ట్ బిఫోర్ అంటే ఆ తేదీ దాకా రుచి, కరకర బాగుంటాయని కంపెనీ మాట. యూజ్ బై, ఎక్స్‌పైరీ అంటే అది దాటితే తినకూడదు. రెండో రకం దాటినవి మేం ముట్టం. మొదటి రకం కూడా దాటినవి తీసుకోం, నిజానికి చాలా వరకు తినొచ్చు, కానీ మీకే పెట్టనిది వాళ్ళకి పెట్టామన్న మాట పడలేం. డేటుకి కనీసం నెల ఉంటేనే గేటు లోపలికి. అలాగే ముందు చెడిపోయేది ముందు బయటికి, వచ్చిన వరసలో కాదు. మిగులు తిండి ఎలా తీసుకోవాలి, ఎలా పంచాలి అని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) 2019లో నిబంధనలు కూడా తెచ్చింది, ఎవరికైనా ఇచ్చేముందు ఆ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, 80జీ కంటే ముందు అదే అడగండి నన్నడిగితే. ఇచ్చేవాళ్ళు ఎలాంటివి ఇస్తారో చూడాలి మీరు. దీపావళి అయిన పదో రోజు స్వీటు బాక్సులు, కొరికినవి కూడా. ఒకాయన ముప్పై కిలోల సగ్గుబియ్యం. ఒకావిడ జీన్సు ప్యాంట్లు. ప్యాంటు ఎలా తింటారు తల్లీ.

ఇంకొకటి చెప్తే మీరేమనుకుంటారో. రెండేళ్ళ కింద వానాకాలంలో 40 కిలోల గోధుమపిండికి పురుగు పట్టింది, మా తప్పే, కిటికీ పక్కన పెట్టాం. కమిటీలో పెద్ద గొడవ, చెప్పాలా వద్దా అని. చివరికి నెల లెక్కలో రాసి గోడౌన్ తలుపు మీద అంటించి ఇచ్చినవాళ్ళందరికీ పంపాం. ఇద్దరు మానేశారు. ఒక పెద్దాయన మాత్రం ఫోన్ చేసి "నా కొట్లో కూడా పట్టుద్దయ్యా, రాసినవాణ్ణి నిన్నే చూశా" అని ప్యాలెట్లు కొనిచ్చాడు. పూర్ణా మార్కెట్లో హోల్‌సేల్ ఆయన, ఇప్పుడు పప్పంతా ఆయన దగ్గర్నుంచే, కొన్న రేటుకి.

రాత్రిడ్యూటీ
గుడ్లు తీసుకుంటారా మీరు?

బస్తా_మోసేవాడు
దాచలేం మేడం. డబ్బులిస్తే ఆ రోజు వండేవాళ్ళకి నేరుగా కొట్టునుంచి పంపించి బిల్లు మీకు పెడతాం

మర్రిపాలెం_నాన్న
అప్‌డేట్. శనివారం చెప్పా పెట్టకుండా బస్తా గారి గోడౌన్‌కి వెళ్ళాను, పాపని తీసుకుని. ఎవరూ దండ వెయ్యలేదు, కుర్చీ కూడా వెయ్యలేదు, ఎందుకంటే కుర్చీ మీద పప్పు బస్తా ఉంది. రిజిస్టరు అడిగితే నా వైపు తోసీసి వాళ్ళ పని వాళ్ళు చూసుకున్నారు. నేను కావాలని ఒక తేదీ పట్టుకున్నా, లోపలికొచ్చింది 312 కిలోలు, బయటికెళ్ళింది, ఉన్నది కలిపితే 310. దొరికారు అనుకున్నా. పక్కనే ఎర్ర ఇంకుతో "2 కిలోలు, బస్తా చిరిగి నేలపాలు, ఊడ్చి పావురాలకి" అని రాసుంది, ఇద్దరి సంతకాలు. అది చూసి నవ్వొచ్చింది. అక్కడి నుంచి వాళ్ళ జాబితాలో ఒక వృద్ధాశ్రమం అడ్రసు నేనే ఎంచుకుని వెళ్ళాను, వాళ్ళ పుస్తకంలో అదే తేదీ అదే తూకం ఉందో లేదో చూద్దామని. ఉంది. ఒక్కచోట వాళ్ళు నూనె ఒక లీటరు తక్కువ రాసుకున్నారు, ఫోన్ చేసి చెప్పా.

పాపకి కాటా నచ్చింది, తను కూడా ఎక్కింది, 19 కిలోలు. అది మాత్రం రిజిస్టర్లో రాయలేదు.

బస్తా_మోసేవాడు
నూనె లీటరు సంగతి తేలింది, ఆ వారం ప్యాకెట్ ఒకటి లీకయ్యి వాళ్ళు వెనక్కి పంపారు, మావాడు లోపలికి ఎక్కించడం మర్చిపోయాడు. దిద్దాం. థాంక్స్ నాన్నగారూ, నిజంగా.

సీతమ్మధార_పిన్ని
నేను వచ్చే శనివారం వస్తా. మా అత్తగారి బస్తా ఇంకా ఇంట్లోనే ఉంది, సగం వండుకున్నాం.

అరిలోవ_ఆటో
పిన్నీ బస్తాకి ఆటో నాది, డబ్బులొద్దు, నెత్తళ్ళు వేపి పెట్టండి చాలు

స్టీల్‌టౌన్_మావయ్య
నేనూ నెలకి రెండు వేలు వేస్తాను. డీజిలుకి. ఏసీకి కాదు.

రేవు_కుర్రాడు
ఏప్రిల్ పదిహేనుకి ముందే హార్బర్ వైపు పప్పూ నూనే కొంచెం పంపగలరా? పేర్లు నేను ఇల్లిల్లూ తిరిగి రాసిస్తా, జాబితాల్లో లేనివాళ్ళవి మాత్రమే.

బస్తా_మోసేవాడు
రాయి తమ్ముడూ. ఇంటికి ఎంతమంది, పాలు తాగే పిల్లలున్నారా, పొయ్యి ఉందా లేదా, ఈ మూడూ రాయి. మార్చి ఆఖరుకల్లా ఇస్తే సరుకు కొనడానికి టైముంటది.

పిసినారి_పిచ్చయ్య
రెండు కిలోల కందిపప్పు ఎంత ఉంటుంది ఇప్పుడు

కొబ్బరిచట్నీ_ఉందా
ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండ్రా

పిసినారి_పిచ్చయ్య
రేటే అడిగాను, ఇస్తానని అన్లేదు. రసీదు ఇస్తారా మరి?